కారును ఏలుకొనుట



మనము ఉక్కు ఊరివారము. అయినను భిలాయి కర్మాగారము చేయునది రైలుపట్టాలు, దళసరి పలకలే గాని కారు రేకు కాదు. కావున కారు విషయమున మనమును కొనుగోలుదారులమే.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కోరి చేయించుకొనిన రోల్స్ రాయిస్ హైదరాబాదు చేరునాటికి ఆయన జీవించి లేరు. సింహాసనము వంటి ఆసనము గల ఆ 1912 నాటి పసుపుపచ్చని బండి వేడుకలకే ఉపకరించినది.

అంబాసిడరు కథ వేరు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై ఉత్తరపారలో తయారై, 2014 వరకు వెలువడిన ఆ బండి నునుపుగా నడచినదని నేననను. స్టీరింగు బరువు, పెట్రోలు దాహమెక్కువ. కాని బానెట్టు ఎత్తినచో కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, ఫ్యాను బెల్టు కంటికెదురుగా నుండును. పాయింట్లను గరుకుకాగితముతో రుద్ది, ప్లగ్గులు తుడిచి, ఆగిన చోటనుండియే మరల బయలుదేరవచ్చును. పానా పట్టనేర్చినవాడే దానికి నిజమైన యజమాని!

1983 డిసెంబరులో వచ్చిన 796 సి.సి. మారుతి తేలికైనది, పొదుపైనది. ఇప్పటి బండ్లలో ఇంధనమును కంప్యూటరే కొలుచును. లోపమేదో తెలియుటకు మరొక యంత్రము కావలయును. హాయి పెరిగినది, సందేహము లేదు.

కొనదలచిన నెహ్రూనగరు మిత్రులు సీట్ల మెత్తదనము చూచిన పిమ్మట, విడిభాగములు దుర్గులోనే దొరకునా, రాయపూరు పోవలెనా అనికూడ అడుగుదురు గాక.