హక్కును వెంటబెట్టుకొని వచ్చిన సంస్కరణే నిలిచింది
బోస్నియా పునర్నిర్మాణంపై ప్రసంగ పాఠం



బోస్నియా పేరు వినగానే మనకు 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో జరిగిన నరమేధం జ్ఞాపకం వస్తుంది. కొద్ది రోజుల వ్యవధిలో ఎనిమిది వేలకు పైగా ముస్లిం పురుషులను, బాలురను హతమార్చిన ఆ దారుణాన్ని ఏటా తలచుకొంటూనే ఉన్నాము. కాని ప్రాణాలతో మిగిలినవారు ఆ తరువాత ఎలా బతికారు, ఇళ్లు ఎలా చేరుకొన్నారు, సంపాదన ఎలా వెతుక్కొన్నారు అన్న సంగతులు మన మధ్య చర్చకు రావడం అరుదు. యుద్ధానంతరం ఆ దేశపు ఆర్థిక వ్యవస్థను నిలబెట్టడానికి విదేశీ దౌత్యవేత్తలు చేసిన కృషిలో ఏది ఫలించింది, ఏది విఫలమైంది అన్నదే నేటి మా విషయం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాలుగా దస్త్రాల మధ్య జీవితం గడిపినవాళ్లము గనుక ఈ విషయాన్ని కూడా దరఖాస్తులు, పత్రాలు, సంతకాల వైపు నుంచే పరిశీలిస్తాము.

ముందుగా కొంత నేపథ్యం. 1992లో మొదలైన యుద్ధం 1995 చివర డేటన్ ఒప్పందంతో ముగిసింది. అమెరికాలోని డేటన్ నగరంలో చర్చలు జరిగాయి. డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలయ్యాయి. దేశం ఒకటిగానే మిగిలింది. కాని దాని లోపల రెండు పాలనా విభాగాలు ఏర్పడ్డాయి. 51 శాతం భూభాగం బోస్నియా ముస్లింలు, క్రొయేట్లు అధికంగా ఉన్న ఫెడరేషన్‌కు, 49 శాతం సెర్బుల రిపబ్లికా స్ర్ప్‌స్కాకు దక్కాయి. జనాభాలో దాదాపు సగం మంది, అంటే ఇరవై లక్షలకు పైగా జనం, ఇళ్లు విడిచిపోయి ఉన్నారు. ఒప్పందం అమలును పర్యవేక్షించడానికి హై రిప్రజెంటేటివ్ అనే అంతర్జాతీయ ప్రతినిధిని నియమించారు. 1997 డిసెంబరులో బాన్ నగరంలో జరిగిన సమావేశం ఆ ప్రతినిధికి చట్టాలను స్వయంగా విధించే అధికారాన్ని, అడ్డుపడే అధికారులను తొలగించే అధికారాన్ని కట్టబెట్టింది. ప్రపంచ బ్యాంకు, ఐరోపా కమిషన్ దాతల సభలు జరిపి 510 కోట్ల డాలర్ల పునర్నిర్మాణ పథకాన్ని సిద్ధం చేశాయి.

డబ్బు వచ్చింది, అధికారం వచ్చింది. అయినా ఒక ఊరి మనిషి పక్క ఊరి సంతకు పోలేని స్థితి. కారణం అతని వాహనం నంబరు పలక. దాన్ని చూడగానే అతడు ఏ విభాగానికి చెందినవాడో తెలిసిపోయేది. రాళ్లు పడేవి, నిర్బంధించేవారు. 1998లో నాటి హై రిప్రజెంటేటివ్ కార్లోస్ వెస్టెండార్ప్ దేశమంతటికీ ఒకే రకమైన పలకను విధించారు. దాని మీద ఊరి గుర్తు లేదు, విభాగం గుర్తు లేదు. లాటిన్, సిరిలిక్ లిపులు రెండింటిలోనూ ఒకే రూపంలో ఉండే అక్షరాలను మాత్రమే వాడారు. దానితో బండిని బట్టి మనిషి జాతిని పోల్చుకోవడం సాధ్యం కాకుండా పోయింది. రాకపోకలు పెరిగాయి, వర్తకం సాగింది. దౌత్యం చేసిన పనులన్నింటిలో చవకైనది, ఫలవంతమైనది ఇదేనని మా అభిప్రాయం.

రెండవది నాణెం. యుద్ధం ముగిసేనాటికి ఒక ప్రాంతంలో బోస్నియా దినార్, మరొకచోట క్రొయేషియా కూనా, ఇంకొకచోట యుగోస్లావ్ దినార్, అన్నిచోట్లా జర్మన్ మార్కు చెల్లుబాటయ్యేవి. 1998లో అందరికీ కలిపి కన్వర్టిబుల్ మార్క్ వచ్చింది. దాని విలువను జర్మన్ మార్కుకు కట్టివేశారు; నేడు అది ఐరోపా నాణెమైన యూరోకు ముడిపడి ఉంది. తగినంత విదేశీ నిల్వ లేనిదే కేంద్ర బ్యాంకు కొత్త నోటు వేయరాదు, ప్రభుత్వానికి అప్పు ఇవ్వరాదు. తొలి ఆరేళ్లు గవర్నరును అంతర్జాతీయ ద్రవ్య నిధి నియమించాలని, ఆయన బోస్నియా పౌరుడు గాని, పొరుగు దేశపు పౌరుడు గాని కాకూడదని రాజ్యాంగంలోనే రాశారు. ఒక దేశానికి ఇది గౌరవమైన మాట కాదు. అయినా ఆ నాణేన్ని ముగ్గురూ నమ్మారు. ముస్లిం వర్తకుని చేతిలోని నోటు సెర్బు రైతు చేతిలోనూ అదే విలువతో చెల్లింది. 2005లో గవర్నరు పదవి బోస్నియా పౌరునికే దక్కింది. నాణెం మాత్రం చెక్కుచెదరలేదు.

మూడవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, ఇల్లు. యుద్ధకాలంలో పారిపోయినవారి ఇళ్లను 'విడిచిపెట్టిన ఆస్తి'గా ప్రకటించి ఇతరులకు కేటాయించారు. ప్రతి వ్యక్తికీ తన ఇంటికి తిరిగివచ్చే హక్కు ఉందని డేటన్ ఒప్పందపు ఏడవ అనుబంధం ప్రకటించింది. నాలుగేళ్లు గడిచినా ఆ హక్కు ఎక్కువమందికి కాగితం మీదనే ఉండిపోయింది. స్థానిక కచేరీలో గుమాస్తా దరఖాస్తు పుచ్చుకోడు, పుచ్చుకొన్నా కదల్చడు. ఆ మర్మం మాబోటి వారికి వివరించి చెప్పనక్కరలేదు. 1999లో వోల్ఫ్‌గాంగ్ పెట్రిష్ హై రిప్రజెంటేటివ్‌గా వచ్చాక ఆస్తి చట్టాలను సవరించి రెండు విభాగాలలోనూ ఒకే విధంగా అమలుకు తెచ్చారు. ఆ నవంబరులో ఒక్కరోజే 22 మంది అధికారులను పదవుల నుంచి తొలగించారు. దరఖాస్తులను వచ్చిన వరుసలోనే పరిష్కరించాలన్న నియమం పెట్టారు. ఏ పురపాలికలో ఎన్ని వచ్చాయి, ఎన్ని తేలాయి అన్న లెక్కలను నెలనెలా ప్రకటించారు. రెండు లక్షలకు పైబడిన దరఖాస్తులలో 2004 నాటికి 90 శాతానికి పైగా అమలయ్యాయి. స్వదేశంలో ఇళ్లకు తిరిగివచ్చినవారి సంఖ్య పది లక్షలకు చేరిందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ అదే సంవత్సరం ప్రకటించింది. వారిలో నాలుగు లక్షలకు పైగా జనం తాము అల్పసంఖ్యాకులుగా ఉండే ఊళ్లకే తిరిగి వెళ్లారు.

ఈ మూడింటిలోనూ ఒక సామాన్య గుణం కనిపిస్తుంది. పలక నడిచే హక్కును ఇచ్చింది. నాణెం కొనుగోలు హక్కును ఇచ్చింది. ఇంటి చట్టం నివసించే హక్కును ఇచ్చింది. పేరుకు ఇవి ఆర్థిక సంస్కరణలు, నిజానికి పౌర హక్కులు. అందువల్లనే విదేశీయుల సంతకంతో వచ్చినా స్వదేశంలో వేళ్లూనాయి.

ఇక రెండవ పార్శ్వం. అదే దౌత్యం, అదే ధనం ప్రభుత్వ కర్మాగారాలను ప్రైవేటువారికి అప్పగించే పనికి కూడా పూనుకొంది. పౌరులకు, జీతాలు అందని సైనికులకు వాటా పత్రాలు పంచారు. ఆకలితో ఉన్నవాడు కాగితాన్ని దాచుకోలేడు. చాలామంది ముఖవిలువలో చిన్న భాగానికే వాటిని అమ్ముకొన్నారు. పలుకుబడి గలవారు పోగుచేసుకొని కర్మాగారాలను చేజిక్కించుకొన్నారు. కొన్నిచోట్ల యంత్రాలు అమ్ముడుపోయాయి, అప్పులు మిగిలాయి, కార్మికులకు జీతం గాని, పింఛను చందా గాని జమ కాలేదు. 2006 జనవరి 1 నుంచి దేశమంతటా 17 శాతం విలువ ఆధారిత పన్ను వచ్చింది. విభాగాల మధ్య దొంగరవాణాను అరికట్టడంలో, ఉమ్మడి ఖజానా నింపడంలో అది మేలు చేసింది. కాని రొట్టెకు, మందుకు, విలాస వస్తువుకు అన్నిటికీ ఒకే రేటు. ఆ బరువు పేదవాని వీపు మీదనే ఎక్కువ పడింది.

ఫలితం 2014 ఫిబ్రవరిలో తుజ్లా నగరంలో బయటపడింది. దీతా అనే సబ్బుపొడి కర్మాగారం, మరికొన్ని మూతపడిన పరిశ్రమల కార్మికులు రావలసిన జీతాలకోసం వీధికెక్కారు. ప్రాంతీయ ప్రభుత్వ భవనం తగలబడింది, అక్కడి ప్రభుత్వం రాజీనామా చేసింది, ఆందోళన ఇతర నగరాలకు పాకింది. హింసను మేము సమర్థించము. అయితే ఆ ఊరేగింపులలో కనబడిన ఒక నినాదాన్ని మరువరాదు: 'మాకు మూడు భాషల్లోనూ ఆకలే.' ముగ్గురినీ ముక్కలుగా చూసిన నాయకులకు ముగ్గురూ కలిసి చెప్పిన జవాబు అది. తరువాత సాధారణ పౌరులు సభలు జరుపుకొని, తమ కోర్కెలను తామే రాసుకొన్నారు.

దీనికి దౌత్యలోకం స్పందన ఏమిటి? 2014 నవంబరులో బ్రిటన్, జర్మనీ విదేశాంగ మంత్రులు ఫిలిప్ హామండ్, ఫ్రాంక్-వాల్టర్ స్టైన్‌మయర్ ఒక కొత్త ప్రతిపాదన తెచ్చారు. ముందు ఆర్థిక సంస్కరణలు, ఉద్యోగాలు చూద్దాము. చిక్కుముడిపడిన రాజ్యాంగ ప్రశ్నలను తరువాత చూద్దాము అన్నది దాని సారాంశం. 2015లో మూడు ప్రభుత్వాలు సంస్కరణల పత్రానికి అంగీకరించాయి. బోస్నియా 2016లో ఐరోపా సమాఖ్య సభ్యత్వానికి దరఖాస్తు చేసింది. 2022 డిసెంబరులో అభ్యర్థి హోదా పొందింది. ఇది చిన్న విషయం కాదు.

కాని 'తరువాత చూద్దాము' అన్న ఆ ప్రశ్న ఏమిటో మన పాఠకులు తెలుసుకోవాలి. డేటన్ రాజ్యాంగం ప్రకారం దేశాధ్యక్ష మండలికి బోస్నియాక్, సెర్బ్, క్రొయేట్ అనే మూడు జాతులవారే పోటీ చేయవచ్చు. రోమా జాతీయుడైన దెర్వో సెయ్‌దిచ్, యూదుడైన యాకోబ్ ఫిన్సి ఇది అన్యాయమని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. 2009 డిసెంబరు 22న న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది. ఏళ్లు గడిచినా రాజ్యాంగం మారలేదు. ఆ దేశంలో ముస్లింలు సంఖ్యలో సగం. అక్కడ అన్యాయానికి గురైన అల్పసంఖ్యాకులు యూదులు, రోమాలు. హక్కుల మాట మాట్లాడే మనము ఆ ఇద్దరి పక్షాన కూడా నిలబడవలసి ఉంది. మనవారికి జరిగితేనే అన్యాయమనడం ఇన్సాఫ్ కాదు.

ఆర్థికం ముందు, హక్కులు వెనుక అన్న వాదం వినడానికి బాగుంటుంది. కాని ఇల్లు తిరిగి దక్కినవారిలో ఎందరో దాన్ని అమ్మివేసి వెళ్లిపోయారు. ఊళ్లో పని లేదు. బిడ్డలను పంపే బడి తమవారికి సరిపడదు. కొన్నిచోట్ల ఒకే కప్పు కింద రెండు బడులు, వేరువేరు పాఠాలు సాగుతున్నాయి. 1991లో దాదాపు 44 లక్షలున్న జనాభా 2013 జనగణన నాటికి 35 లక్షలకు తగ్గింది. యుద్ధం తరిమినవారు కొందరు, నిరుద్యోగం పంపినవారు మరికొందరు. హక్కు దొరికి పని దొరకకపోతే మనిషి నిలువడు. పని చూపించి సమానత్వం ఇవ్వకపోతే దేశం నిలువదు.

మన తెలుగు ప్రాంతాలను బోస్నియాతో పోల్చడం సరికాదు. అయినా కలహంలోనో, కూల్చివేతలోనో ఇల్లు, దుకాణం పోగొట్టుకొన్న ఏ కుటుంబం పక్షానైనా నిలిచే కార్యకర్తలకు ఈ అనుభవం పనికివస్తుంది. పరిహారపు చెక్కుతో తృప్తి పడకుండా ఇల్లు, దుకాణం, వృత్తి తిరిగి దక్కేదాకా అడగాలి. దరఖాస్తుల వరుస, గడువు, బాధ్యుడైన అధికారి పేరు, నెలవారీ లెక్క, ఈ నాలుగూ బహిరంగంగా ఉండాలని పట్టుబట్టాలి. సహాయం ఢిల్లీ నుంచి వచ్చినా, విదేశం నుంచి వచ్చినా, దాని పంపకంలో బాధితుల మాట ఉండేట్టు చూడాలి. ఇంటి దస్తావేజు, పన్ను రసీదు, రేషన్ కార్డు, వృత్తి లైసెన్సుల నకళ్లు ప్రతి కుటుంబం వేరొక చోట కూడా భద్రపరచుకోవాలి. బోస్నియాలో ఎందరికో ఇల్లు తిరిగి ఇప్పించడంలో అటువంటి కాగితాలే సాక్ష్యమయ్యాయి.

విదేశీ దౌత్యం తలుపు తెరవగలదు, తాళం ఇప్పించగలదు. ఆ ఇంట్లో కాపురం నిలవాలంటే పొరుగువారి మధ్య నమ్మకం, చేతికి పని, చట్టం ముందు సమానత్వం కావాలి. అవి సంపాదించుకోవలసినది అక్కడి ప్రజలే. మన విషయంలో ఆ బాధ్యత మనదే.