వినయము - విధేయత
(పఠనమందిరసభలో నొసంగిన యుపన్యాసము)



వినయవిధేయతలను మనము జంటపదముగా వాడుదుము. రెండును నొక్కటే యని తలంచుట పరిపాటియైనది. అర్జీల తుదను 'విధేయుడు' అని తరతరములుగా వ్రాసి వ్రాసి, వంగినవాడే వినయశీలి యను భ్రమ మనలో బాతుకొన్నది. పదముల పుట్టుక విచారించినచో నీ భ్రమ తొలగును.

విధించినదానికి లోబడువాడు విధేయుడు. అచ్చట నాజ్ఞ వెలుపలినుండి వచ్చును. వినయము 'నీ' ధాతువునుండి పుట్టినది. నడపుట యని దాని యర్థము. నేత, నాయకుడు, నీతి, నయము - ఇవి యన్నియు నా ధాతువు సంతతియే. 'వి' యను నుపసర్గము చేరగా చక్కగా నడపుట, శిక్షణము అను నర్థము లేర్పడినవి. తన్ను దా నడపుకొన నేర్చినవానియందు గానవచ్చు నెమ్మదియు నా పేరనే చెల్లుచున్నది. మన తెలుగు 'అణకువ' అణగుటనుండి పుట్టినది. 'నమ్రత' వంగుటనుండి పుట్టినది. వినయమునకు మూలము నడక.

బౌద్ధులు భిక్షుసంఘ నియమముల గ్రంథమునకు వినయపిటకమని పేరిడిరి. కౌటిల్యుని యర్థశాస్త్రమున మొదటి యధికరణము పేరే వినయాధికారికము. అందు వినయము నేర్వవలసినవాడు రాజు. ఇంద్రియములను జయింపని రాజు భూమినంతయు నేలినను నశించునని యాతడు హెచ్చరించెను. ఏలువాడు మొదట నేర్వవలసినదానిని ఏలబడువానికే ధర్మమని బోధించుట యెంత విపరీతము!

గాంధీమహాత్ముని శాసనోల్లంఘనమునకు గుజరాతీలోను హిందీలోను 'సవినయ' మను విశేషణమును జేర్చిరి. ఉల్లంఘనమునకును వినయమునకును పొత్తెట్లు కుదురును? 1921లో చీరాల పేరాల ప్రజలు బదులు చెప్పిరి. మునిసిపాలిటీ వలదని, పన్నులు మోయజాలమని మొఱపెట్టుకొనిరి, వినువారు లేరైరి. అంతట దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమున పాకలు వేసికొని, నెలల తరబడి యెండవానల కోర్చిరి. విధేయత లేదు, వినయము నిండుగా నున్నది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాయందు గుంపు ఠాణాకు నిప్పిడి పోలీసులను జంపినపు డా వినయమే లోపించినది. మహాత్ముడు శాసనోల్లంఘనమునే నిలిపివైచెను.

కావున సోదరులారా, బిడ్డలకు వినయము గఱపునపుడు తలవంచుట నేర్పుచున్నామా, తమ్ము దాము నడపుకొనుట నేర్పుచున్నామా యని మీరే ప్రశ్నించుకొనుడు. తలవంచుట మాత్రమే నేర్చినవాడు ఎవ్వరికైనను వంచును. తన్ను నడపుకొన నేర్చినవాడు పెద్దలయెదుట చేతులు జోడించును. అన్యాయమునెదుట కదలక నిలుచును.