సభలో నవ్వు

భరతముని నాట్యశాస్త్రమున హాసమును ఆఱు విధములుగా విభజించెను. అందు స్మితహసితములు ఉత్తములవి, అపహసితాతిహసితములు అధములవి. వక్తకు ఈ భేదము తెలియవలెను.

మయసభలో దుర్యోధనుడు నీటిని నేల యనుకొని మడుగున బడగా భీముడు నవ్వెను, సేవకులును నవ్విరి. ధర్మరాజు పొడిబట్టలు ఇప్పించెను. దుర్యోధనుడు బట్టలు మార్చుకొనెను గాని ఆ నవ్వును మఱవలేదు. దాని వెనుకనే జూదము వచ్చినది. ఇంత దూరమేల? చందా బాకీపడినవానిని సభలో వేలెత్తి చూపినచో నలుగురును నవ్వుదురు. ఆ యొక్కడు మఱల గ్రంథాలయపు గడప త్రొక్కడు.

శాకుంతలమున విదూషకుడు అట్లు చేయలేదు. వేటల వలన తన కీళ్లు సడలినవని కఱ్ఱ నూనికొని నిలిచి, తన దేహమునే నవ్వులపాలు చేసికొని, ఒక్కనాటి విశ్రాంతి యడిగెను. రాజునకు కోపము రాలేదు, వేట ఆగినది. రాజు మనస్సు అప్పటికే శకుంతలపై నుండెననుట వేఱుమాట.