మాచునూరు మైకు

జహీరాబాద్ దగ్గర మాచునూరు అనే పల్లె ఉంది. 2008 అక్టోబర్ 15న అక్కడ సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల స్టేషన్ అది. లైసెన్సు రాకముందు ఏళ్ల తరబడి కార్యక్రమాలను టేపుల్లో రికార్డు చేసి, సంఘం సమావేశాల్లో వినిపించేవారు. స్టేషన్ నడిపినవారు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత మహిళలే.

ఊరి పెద్దల ముందు నిలబడి మాట్లాడనివ్వని కులాల ఆడవాళ్లు, అదే ఊరికి తమ యాసలోనే వార్త చెప్పడం నా దృష్టిలో చాలా పెద్ద మార్పు. ఎందుకంటే కులం పేరుతో తిట్టినా, ఇంట్లో మొగుడు కొట్టినా బాధితురాలికి వినిపించేది ఒకే మాట: "ఊరుకో, పరువు పోతది."

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో మూడో వంతుకు పైగా భర్త హింసను చవిచూశారు. ఇది ఏ ఒక్క ఇంటి గుట్టూ కాదు.

గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది. దాని ప్రకారం ఇల్లు బాధితురాలి పేరున లేకపోయినా, అందులో ఉండే హక్కు ఆమెకు ఉంది. పక్కింటివాళ్లు కూడా రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. కులదూషణకు 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మహిళల హెల్ప్‌లైన్ 181. ఏ వేళకైనా ఫోన్ చేయవచ్చు.