భూమి ఖాతాలో నిలువ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను గాను. సహకార సంఘమున లెక్కలు వ్రాసికొనువాడను. చదివిన నాలుగు పద్యములును ఈ గ్రంథాలయపు బల్లలమీద పొద్దుగ్రుంకిన పిదప చదువుకొన్నవే. సాహిత్యమును గూర్చి పెద్దలు సెలవిత్తురు. నేను జమాఖర్చుల భాషలో నేలను గూర్చి కొంత మనవి చేసెదను.

ఖాతాలో అసలని, వడ్డీయని రెండు కలవు. భూసారము అసలు, పంట వడ్డీ. వడ్డీ తినువాడు గృహస్థు. అసలు తినువాడు దివాలాకోరు. పంజాబు, హర్యానా రైతులు ఈ సంగతిని కష్టపడి నేర్చుకొనుచున్నారు.

అక్కడ వానకాలమున వరి, శీతకాలమున గోధుమ పండింతురు. ఈ రెండు పైరులకును స్వభావవైరము గలదు. వరికి నీరు నిలువవలెను. అందులకై దమ్ము చేసి మట్టిని మెదిపెదరు. గోధుమకు గుల్లనేలయు, వేళ్లకు గాలియు కావలెను. ఏటేట దమ్ము చేయుటచే అడుగున గట్టిపొర యేర్పడును. ఆ నేలను గోధుమకు సిద్ధము చేయుటకు పలుమార్లు దున్నవలసి వచ్చెడిది. అంతలో అదను దాటును. నవంబరు నడిమి దాటినకొలది గోధుమ దిగుబడి తగ్గును. గింజ పాలుపోసికొను వేళకు వేడిగాలులు తగులును.

ఆ తొందరలోనే గడ్డికి నిప్పు పెట్టుట అలవాటైనది. ఒక టన్ను వరిగడ్డిలో ఇంచుమించు 400 కిలోల కర్బనము, 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాషు ఉండునని శాస్త్రజ్ఞుల లెక్క. కాల్చినచో కర్బనము దాదాపు యావత్తును, నత్రజనిలో చాలవఱకును పొగయై పోవును.

దీనికి ఉపాయము దున్నకుండ విత్తుట. 1990 దశకమున పంతనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు, దున్నని నేలలో సన్నని చాలు చీల్చి గింజను, ఎరువును వేయు గొఱ్ఱును సిద్ధపఱచిరి. పిదప లూథియానా విశ్వవిద్యాలయమువారు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో ‘హాపీ సీడరు’ను రూపొందించిరి. అది గడ్డిని కోసి యెత్తి, గోధుమ విత్తి, ఆ గడ్డినే పైన కప్పును. ఆ కప్పు చెమ్మను నిలుపును, కలుపును అణచును, క్రమముగా క్రుళ్లి నేలలో చేరును. దుక్కి ఖర్చును, డీజిలును మిగులును. అదనునకే విత్తు పడును. వేసవిలో పెసర వేసినచో నేలకు మఱికొంత బలము.

తొలియేడే దిగుబడి పెరుగునని మాత్రము నేను చెప్పను. యంత్రము చిన్నరైతునకు భారము. గోధుమకు దుక్కి మాని, వరికి మరల దమ్ము చేసినచో లాభము కొంత చెడును. దమ్ము లేక వరి విత్తినచో కలుపు బెడద హెచ్చును.

గోధుమ పండింపని మనకీ గొడవ యేలయని అడుగుదురేమో! వరికోతకు రెండుమూడు దినముల ముందు నిలిచిన చేనిలో మినుములు చల్లిన మన పెద్దలు దున్నక విత్తుటను ఎన్నడో యెఱుగుదురు. మినుము మొలచు చేనికి నిప్పు పెట్టువాడు లేడు. కోతయంత్రము వచ్చెను, దాని చక్రముల క్రింద మొలకలు నలిగెను, పలువురు మినుము మానిరి. అగ్గిపెట్టె చేతికి వచ్చెను.

పరులను నిందింపను. నిరుడు మొక్కజొన్న వేయు తొందరలో నా రెండెకరముల గడ్డికి నేనే నిప్పు పెట్టితిని. ఆ రాత్రి లెక్క వ్రాసితిని. గడ్డి నాలుగు టన్నులనుకొన్నను, అందలి నత్రజని 22 కిలోలు, అనగా ఒక యూరియా బస్తాకు పైమాట. దానిని కొనవచ్చును. 1,600 కిలోల కర్బనమును ఏ దుకాణమున బస్తాకెత్తి అమ్ముదురు? ముప్పదియేండ్లుగా ఊరివారి బాకీలు వ్రాసిన చేతితో నా బాకీ వ్రాసికొంటిని.

కృషిపరాశరమను ప్రాచీన సంస్కృత గ్రంథమున, మాఘమాసమున ఎరువుదిబ్బను త్రవ్వి, ఎండించి, ఫాల్గుణమున గోతులలో నుంచి, విత్తువేళకు పొలమున చేర్పవలెనని విధి గలదు. భూమినుండి తీసినది భూమికి చేర్చుట మనకు క్రొత్త ధర్మము కాదు.

ఈ యేడు నా చేనిలో గడ్డి కాల్చను. దున్నక మొక్కజొన్న విత్తెదను. గ్రంథాలయమున ఒక లెక్కపుస్తకము నుంచెదను. కాల్చినవారు, కాల్చనివారు, దున్నినవారు, దున్ననివారు తమ ఖర్చును, దిగుబడిని అందు వ్రాయింపుడు. వ్రాతపని నాది. వచ్చు ఉగాదినాడు ఇచ్చటనే చదివి వినిపించెదను. నా లెక్క తప్పినచో అందఱి యెదుటను ఒప్పుకొందును.

సెలవు.