బంతి నెట్ దాటాలంటే



సాయంత్రం పూట వాలీబాల్ కోర్టు దగ్గర ఎవరుంటారు? ఆడేవాళ్లు పది మంది. చూసేవాళ్లు ఇరవై మంది. బంతి పొలంలో పడితే పరిగెత్తి తెచ్చేది చిన్నపిల్లలు. వాళ్లలో ఒక పిల్ల ధైర్యం చేసి, "నాకూ ఒక్క సర్వీసు ఇవ్వన్నా" అంటుంది. ఇస్తారు. బంతి నెట్‌లో పడుతుంది. అందరూ నవ్వుతారు. మర్నాటి నుంచి ఆ పిల్ల అటువైపు రాదు. మగపిల్లలైతే సిగ్గు మరిచి మళ్లీ వస్తారేమో. ఆడపిల్లలు రారు.

తప్పు ఆ పిల్లది కాదు, నేర్పినవాళ్లది. మొదటిరోజే 9 మీటర్ల దూరాన, గీత వెనక నిలబెట్టి కొట్టమంటే ఎవరు కొడతారు? పలక పట్టిన రోజే మిమ్మల్ని ఉత్తరం రాయమన్నారా?

మరి ఎలా నేర్పాలి? చేతిని కిందినుంచి ఊపి కొట్టే సర్వీసుతో మొదలుపెట్టాలి. ముందు బంతి వద్దు. ఎడమ కాలు ముందుకు పెట్టించండి. మోకాళ్లు కొంచెం వంచాలి. కుడి చెయ్యి చాచి, ఊయల ఊగినట్టు వెనక్కీ ముందుకీ ఊపాలి. ఎడమచేతి వాటం పిల్లలకు ఇదంతా తిరగేసి చెప్పండి. చెయ్యి మార్చమని బలవంతం చెయ్యకండి.

ఇప్పుడు బంతి ఇవ్వండి. ఎడమ అరచేతిలో, నడుము ఎత్తున పట్టుకోవాలి. కుడి చెయ్యి ముందుకు వచ్చేటప్పుడు బంతిని వదలాలి. చేతిలో ఉండగానే కొడితే ఆ సర్వీసు చెల్లదు. మణికట్టు పక్కన అరచెయ్యి గట్టిగా ఉంటుంది చూడండి, ఆ చోటుతో బంతిని వెనకా అడుగునా కలిపి కొట్టాలి. ఒంటి బరువు వెనక కాలి నుంచి ముందు కాలి మీదికి రావాలి. బక్కపిల్ల కొట్టినా బంతి దాటేది ఈ బరువు వల్లే.

వాలీబాల్ బరువు 260 నుంచి 280 గ్రాములు. నిండా గాలి కొట్టిన బంతికి లేత చెయ్యి మండుతుంది. గాలి కొంచెం తగ్గించండి. ఆడవాళ్ల ఆటలో నెట్ ఎత్తు 2.24 మీటర్లు. పిల్లలకు ఇంకా దించండి. నెట్ లేకపోతే రెండు గుంజలకు తాడు కట్టండి, చాలు.

మొదట నెట్‌కు 3 మీటర్ల దూరంలో నిలబెట్టండి. పది బంతుల్లో ఏడు దాటితే రెండడుగులు వెనక్కి జరపండి. దాటకపోతే అక్కడే ఉంచండి.

బంతి నిట్టనిలువుగా లేస్తే, మరీ అడుగున కొడుతున్నట్టు. పక్కకు పోతే, చెయ్యి అడ్డంగా ఊగినట్టు. ఒకసారికి ఒక్క తప్పే చెప్పండి. కాలు, చెయ్యి, చూపు అని అన్నీ కలిపి అరిస్తే, పిల్ల బంతిని మానేసి మిమ్మల్ని చూస్తుంది. నవ్వేవాళ్లుంటే వాళ్లను బంతులు ఏరడానికి పంపండి!

పెద్దవాళ్లు కూడా "ఈ వయసులో మాకెందుకు" అనకండి. 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ అనే ఆయన ఈ ఆటను తయారుచేసింది నడివయసు వాళ్ల కోసమే. బాస్కెట్‌బాల్ పరుగులు వాళ్లకు కష్టమయ్యాయి మరి.

రోజుకు ఇరవై ముప్పై సర్వీసులు చాలు. భుజం నొప్పి అంటే ఆపించండి. 9 మీటర్ల గీత వెనక నుంచి బంతి దాటిన రోజున ఆ పిల్లను జట్టులో నిలబెట్టి ఒక ఆట ఆడించండి. పొలంలో పడిన బంతి ఆ రోజుకు మీరు తెండి.