దోస్త్‌లో సెల్ఫీ
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీలు 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోవి. సీటు కోసం ఒకప్పుడు ఏ కాలేజీకి ఆ కాలేజీకే వెళ్ళి దరఖాస్తు ఇవ్వాలి. 2016లో తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం ‘దోస్త్’ వచ్చి ఆ తిరుగుడు తప్పించింది. కానీ ఆధార్‌తో ముడిపడిన ఫోన్ నంబరు లేని పిల్లలు మీసేవకో, హెల్ప్‌లైన్ కేంద్రానికో పోక తప్పలేదు.

కరోనా ఏడాది, 2020లో, ఇంటర్ బోర్డు విద్యార్థులకు దోస్త్ నమోదుకు టీ యాప్ ఫోలియో అనే మొబైల్ యాప్‌లో సెల్ఫీ దిగితే చాలన్నారు. ఎదుట ఉన్నది మనిషా, ఉత్త ఫొటోనా అన్నది కృత్రిమ మేధ ముందు తేల్చుకుంటుంది. ఆపై పేరు, ముఖం రికార్డులతో పోల్చి చూస్తుంది. దాని పని అంతవరకే, అదే మంచిది కూడా! సీటు మాత్రం మార్కులు, రిజర్వేషన్, మీరిచ్చిన ఆప్షన్ల వరుసను బట్టే వస్తుంది. కాబట్టి సెల్ఫీ కన్నా ఆ వరుస మీద ఎక్కువసేపు కూర్చోండి.